సొరపందిరి కింద

సొరకాయ లేతదో కాదో గోటితో గిల్లి చూస్తే చాలు, ఆ పచ్చి వాసనకు పూతలపట్టులో మా పక్కింటి మునెప్ప గుర్తొస్తాడు. మా కుక్క నల్లోడికి అన్నంలో విషం కలిపి పెట్టి చంపాడు.

పాపుల ఊరు నాశనమైతే చూడాలని యోనా ప్రవక్త సొరచెట్టు నీడన కూర్చున్నాడని సండేస్కూల్లో చెప్పారు. అలా కూర్చుంటే పైనుంచి నిప్పు పడుతుందనుకున్నాను. మా సొరపందిరి కింద చేరి, మునెప్ప ఇంటికేసి రెప్పవేయకుండా చూశాను.

"యాడ పడతాదిమే నిప్పు? వాడు నిన్న ప్రార్థనలో ఏడ్సి ఒప్పుకున్నాడు. దేవుడు క్షమించేసినాడు. లేసి రా, అన్నం తిందువు," అంది అవ్వ.

దేవుడు క్షమించాడు సరే, నల్లోణ్ణి పూడ్చింది నేను.

ఆ కథ చివర, పశ్చాత్తాపపడిన ఊరిని నాశనం చేయకుండా వదిలేసి, అంత పెద్ద ఊరి మీద నేను జాలిపడకూడదా అని దేవుడు యోనాను అడుగుతాడు. యోనా ఏమన్నాడో బైబిల్లో లేదు. నన్నడిగితే, ఇప్పటికీ కూడదనే అంటాను.