ఓడ మీది గీత
గోడైనా బల్లైనా ఎదురుపడితే చాలు, ఆ పెయింటరు ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డంగా పట్టి వంకర ఉందేమో చూస్తాడు. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల పక్కన తాళ్ళకు వేలాడుతూ, ఇంతకు మించి నీట మునగకూడదని చెప్పే తెల్ల గీత గీశాడు. సరుకు ఎక్కువ పట్టాలని ఒక ఓడకు గీత పైకి జరపమన్న యజమానితో పోట్లాడి పని పోగొట్టుకున్నాడు. ఈమధ్య పాత ఓడల స్టాంపులు వచ్చాయి. వాటిలో ఆ ఓడ ఉంది, గీత లేదు. స్టాంపు మీద తెల్ల రంగుతో తనే గీసి, తపాలా పెద్దలకు ఉత్తరం రాసి, కవరుకు ఆ స్టాంపే అంటించాడు.

"గీతలు గీస్తే స్టాంపు చెల్లదు బాబాయ్," అంది పోస్టాఫీసు కౌంటరులో అమ్మాయి, కవరు వెనక్కి తోస్తూ.

"గీత లేకపోతే ఓడే చెల్లదమ్మా."

"ఆ మాట ఓడకి చెప్పండి, నాక్కాదు."

మర్నాడు పొద్దున ఉత్తరం పోవడానికి మామూలు స్టాంపు అంటించాడు. పక్కనే ఓడ స్టాంపు అంటించి, ఆమె చూస్తుండగానే గీత గీసి, కవరు చేతికిచ్చాడు.