రామగుండం వెచ్చదనం, వడియాల జంపఖానా

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదివాక నా తెలివి మీద మీకు ఏ కాస్త గౌరవం మిగిలినా ఆ తప్పు నాది కాదు. ఆరో నెల కడుపుతో ఉండి, ఆయాసం మనిషి అత్తగారిని, మోకాళ్ళ నొప్పుల మామగారిని వెంటేసుకుని, చలి నుంచి తప్పిస్తానని చెప్పి అంతకన్నా పెద్ద చలిలోకి దింపిన మహామేధావిని నేను. పైగా మాది జంపఖానాలు అమ్ముకునే ఇల్లు. ఆ ఇంటి కోడలినై ఉండి, కప్పుకోవడానికి ఒక్క మందపాటి గుడ్డ లేకుండా తీసుకెళ్ళాను.

డెబ్బైల చివరి సంగతి. వరంగల్ కొత్తవాడలో మా మామగారిది పరుచుకునే, కప్పుకునే నూలు జంపఖానాల దుకాణం. నేను కాపురానికొచ్చి రెండేళ్ళు కాలేదు. ఆ ఇంట్లో ఇంటర్ పాసైన మొదటి ఆడదాన్ని కాబట్టి, భూగోళం మొత్తం నేనే గీసి ఇచ్చినట్టు తిరిగేదాన్ని. గీసింది లేదు గానీ పొగరు మాత్రం గుళ్ళో గంటలా మోగేది.

ఆ డిసెంబరులో చలి ఎక్కువైంది. అత్తమ్మకు తెల్లారితే ఆయాసం, నాకు దగ్గు. దవాఖానలో డాక్టరమ్మ ఇద్దరినీ వెచ్చగా ఉండమంది, నాకు రైలు ప్రయాణం ఫరవాలేదు గానీ బస్సు కుదుపులు వద్దంది. ఏడో నెల రాగానే మా అమ్మ వచ్చి నన్ను పురిటికి తీసుకెళ్ళిపోతుంది. ఈలోగా పది రోజులు ఏదైనా వెచ్చటి ఊళ్ళో ఉండి వద్దామని ఇంట్లో అనుకున్నారు.

"చీరాలల మన నూలు షావుకారు రమ్మంటాండు" అన్నాడు మామ. "సముద్రం పక్కన. ఆడ గింత సలి ఉండదట."

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "సముద్రం గాలా మామా! తడి గాలి అది. అత్తమ్మ పానం ఏం గావాలె?"

"మరి యాడికి పోదామంటవ్ బిడ్డా?"

ఆ ఇంట్లో నన్నొక పెద్ద విషయం అడగడం అదే మొదటిసారి. కూరలో ఉప్పెంతో కూడా అత్తమ్మే చెప్పే ఇల్లది. ఈ ఒక్క మాట నెగ్గిందా, ఇక నుంచి నాకూ ఒక విలువ. బెడిసికొట్టిందా, జన్మంతా నోరు మూసుకుని పప్పు రుబ్బుకోవడమే.

"రామగుండం" అన్నాను.

మా ఆయన పేపరు దించాడు. "రామగుండమా? ఎందుకు?"

"ఎండకాలం రోజూ రేడియో ఇంటలేరా? అందరికన్న ఎక్కువ ఎండ యాడ? రామగుండంల! గంతగనం కాలే ఊరు సలికాలం ఎట్లుంటది? గోరువెచ్చగుంటది."

చూశారా తర్కం! మధ్యాహ్నం పొయ్యి భగభగ మండింది కాబట్టి మర్నాడు పొద్దున్న దాకా కుండ కాలుతూనే ఉంటుందన్నమాట. విచిత్రమేమిటంటే అందరూ తలలూపారు. అత్తమ్మ చెల్లెలు అక్కడే ఉండేది. ఆమె భర్తకు బొగ్గుబాయిలో పని. నిరుడు వేసవిలోనే సొంతిల్లు కట్టుకున్నారు.

బయల్దేరే రోజు అత్తమ్మ నాలుగు బొంతలు మూట కడుతుంటే నేను విప్పేశాను.

"జర ఉండనీ పిల్లా, అవేమన్న నువ్వు మోస్తవా?"

"రామగుండంకు బొంతలా అత్తమ్మా? నలుగురు నవ్వుతరు. అంతగ కావాల్నంటె, చిన్నత్తమ్మ గృహప్రవేశానికి మన దుకాణం జంపఖానా ఇచ్చినం గద!"

ఆ మాటకు మామ ఛాతీ ఉబ్బింది. "అవ్, మన సరుకు ఆడుండంగ ఇంక ఫికరేంది? మన జంపఖానా కప్పుకుంటె మంచుగడ్డ మీదన్న పండొచ్చు" అన్నాడు. బొంతలు మళ్ళీ అటక మీదికెక్కాయి.

కాజీపేటలో నలుగురం ప్యాసింజరు ఎక్కాం. అది ప్రతి స్టేషనులో ఆగి అందరి యోగక్షేమాలు కనుక్కుని, పొద్దుగూకే వేళకు మమ్మల్ని రామగుండంలో దింపింది. స్టేషనులో కూలీలు తల నుంచి మోకాళ్ళ దాకా గొంగళ్ళు కప్పుకుని ఉన్నారు. గాలి చీర కుచ్చిళ్ళలోంచి దూరి వెన్ను దాకా పాకింది.

"శారదా, గిదేనా గోరువెచ్చన?" అన్నాడు మామ, పళ్ళు టకటకలాడుతుంటే.

"ఇప్పుడే దిగినం గద మామా, జర ఆగున్రి."

ఆగితే ఏమవుతుందనుకున్నానో! మా కోసం ఊరు వేడెక్కుతుందనుకున్నానేమో.

తలుపు తీసిన చిన్నత్తమ్మ నోరెళ్ళబెట్టింది. "అక్కా! గీ సలిల కడుపుతోనున్న పిల్లను ఏస్కొని ఇటొచ్చినవా? ఈడ వణకలేక మేమే మీ కొత్తవాడకు వద్దామనుకుంటానం!"

ఇంట్లో ఉన్నవి రెండే రగ్గులు. ఒకటి చిన్నమామ కప్పుకుని డ్యూటీకి పోయాడు. చిన్నత్తమ్మ గబగబా అరుగు మీద బొగ్గుల కుంపటి పెట్టింది. ఈలోగా అత్తమ్మకు ఆయాసం ఎత్తుకుంది, మాటకూ మాటకూ మధ్య ఈల వినిపిస్తోంది. నేను పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. నా గొప్పతనం కోసం ఇద్దరి ప్రాణాల మీదికి తెచ్చానే అని ఏడుపొచ్చింది.

"ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు మామ ధీమాగా. "మరదలా, మేమిచ్చిన జంపఖానా పట్కరా."

చిన్నత్తమ్మ కాస్త నసిగి, లోపలికెళ్ళి తెచ్చింది. "బావా, ఏమనుకోకు. ఇది జర పల్చగుంటది. వడియాలు పెడ్తానం దీని మీద. మస్తు ఆరుతయి."

మామ దాన్ని కుంపటి ముందు ఎత్తి పట్టుకున్నాడు. నేతలోంచి నిప్పులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేలా కనిపించాయి. ఒక మూల మా దుకాణం ముద్ర, దాని పక్కనే ఎండిన గుమ్మడి వడియం.

"గిది మన దుకాణంలదా? గిసోంటి సరుకు ఎవలు తీసిచ్చిండ్రు?"

మా ఆయన పైకప్పు వాసాలు పరీక్షించడం మొదలుపెట్టాడు. కుంపటి ఇంకా రాజుకోకముందే నా చెవులు కాలిపోయాయి.

"నేనే మామా."

"ఎందుకు బిడ్డా?"

"రామగుండం ఎండల ఊరు గద... మందంది దండుగని..."

 ఈలల మధ్య నుంచే అత్తమ్మ నవ్వింది. "ఎండల ఊరని పల్చటిది ఇచ్చె. ఎండల ఊరని బొంతలు తియ్యనియ్యకపాయె. ఒక్క తెలివితోని రెండు పనులు చేసింది నా కోడలు!"

అని, తన ఒంటి మీది శాలువా తీసి నా భుజాల చుట్టూ కప్పింది. "నీ సంగతి ఇంటికి పోయినంక చూస్త. ముందుగాల లోపలున్న బిడ్డకు సలి తగలనియ్యకు."

ఆ శాలువా కింద నేను తల ఎత్తలేదు. పక్కింటివాళ్ళు ఇచ్చిన బొంతలతో రెండు రోజులు గడిపి, మూడో రోజు కొత్తవాడ వెచ్చదనానికి వచ్చి పడ్డాం. బిడ్డ క్షేమంగా పుట్టింది, అత్తమ్మ ఆయాసం తగ్గింది, నా విలువ మాత్రం మళ్ళీ లేచి కూర్చోలేదు. మామ ఆ వారమే దుకాణంలోకెల్లా మందపాటి జంపఖానా రామగుండం పంపి, పల్చటిదాన్ని తిరిగి తెప్పించాడు. మా ముద్రతో అది పరాయి ఊళ్ళో ఉంటే పరువు పోతుందట.

అందుచేత అగ్నిసాక్షిగా, అంటే ఆ కుంపటి సాక్షిగా, ప్రతిజ్ఞ చేస్తున్నాను. వేసవి వార్తలు విని చలికాలపు ప్రయాణం పెట్టను. ఎవరికైనా కప్పుకునేది ఇవ్వాలంటే, ముందు నేను ఒక డిసెంబరు తెల్లవారుజామున దాన్ని కప్పుకుని కూర్చుంటాను. ఈ మాట తప్పనని ఆ జంపఖానా మీద ఒట్టు. అది ఇప్పుడు మా మేడ మీదే ఉంది. చిన్నత్తమ్మ అన్న మాట నిజం, వడియాలు మస్తు ఆరుతాయి.