అమ్మ అనిపిస్తానని మాటిచ్చాను

మాటలు ఆలస్యమైన పిల్లలకు నేర్పే పనిలో నేను చేరి అప్పటికి ఆరేళ్లు. అమలాపురంలో మా సెంటరంటే ఒక బడి వెనక రెండు గదులు. ఐ.పోలవరం వైపు పల్లె నుంచి ఒకావిడ తన మనవరాలిని బస్సులో అక్కడికి తీసుకొచ్చేది. పాపకు ఐదేళ్లు. చెవులు బాగానే వినిపిస్తాయని డాక్టర్లు చెప్పారు. చెప్పిన పని అర్థం చేసుకునేది, కావలసిన వస్తువు దగ్గరికి మన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది. నోట్లోంచి మాత్రం మాట రాదు.

పాపకు ఏడాదిన్నర వయసులో తల్లి కువైట్ వెళ్లింది, ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి. అప్పటిదాకా మళ్లీ రాలేదు. తండ్రి అంతకుముందే వేరే కాపురం పెట్టుకున్నాడు. పాపకు మిగిలింది అమ్మమ్మ, ప్రతి ఆదివారం ఫోనులో కనిపించే తల్లి ముఖం.

ఒకరోజు ఆ అమ్మమ్మ క్లాసు అయ్యాక కూడా కదలకుండా నిలబడింది.

"టీచరుగారండీ, మా అమ్మాయి రెండు నెలల్లో వత్తందండి. నెల్రోజులే సెలవంట. అది వచ్చేసరికి ఈ పిల్ల అమ్మా అని పిలవాలండి. లేకపోతే తట్టుకోలేదండి."

"అనిపిస్తానండి, మీరు బెంగ పెట్టుకోకండి," అన్నాను.

అలా మాటివ్వకూడదని మాకు శిక్షణలోనే చెప్తారు. అయినా ఇచ్చాను.

అమ్మమ్మ తెచ్చిన ఫొటో ఒకటే, కూతురు కువైట్ వెళ్లకముందుది. ఆకుపచ్చ చీర, నిండు జడ, కొంచెం బొద్దుగా నవ్వుతున్న ముఖం. దాన్ని పెద్దది చేయించి గోడకు అంటించాను. "ఎవరు?" అని అడిగి ఆగడం, పాప నా పెదాలవైపు చూసినప్పుడు "అ..." అని అందించడం, చిన్న శబ్దం వచ్చినా సబ్బు బుడగలు ఊదడం. రోజూ అదే. ఆరో వారంలో పాప ఫొటో మీద వేలు పెట్టి "అమ్మ" అంది. స్పష్టంగా. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. వీడియో తీసి కువైట్‌కు పంపించాను. తల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. అందులో మాటలకన్నా ఏడుపే ఎక్కువ.

ఆమె వచ్చిన మూడోరోజు పాపను తీసుకుని సెంటరుకు వచ్చింది. గుమ్మంలో చూసి నేనే పోల్చుకోలేకపోయాను. సగానికి సగం చిక్కిపోయింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. చుడీదారు వేసుకుంది. పాప అమ్మమ్మ కొంగు వదలడం లేదు.

"ఇంట్లో ఒక్కసారీ అనలేదండి. మీ దగ్గరయితే అంటదేమో అని తీసుకొచ్చేనండి," అంది తల్లి.

పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల్లిని ఎదురుగా కూర్చోమన్నాను. "ఎవరు?" అన్నాను.

పాప దిగింది. గోడ దగ్గరికెళ్లి ఫొటో మీద వేలు పెట్టి "అమ్మ" అంది. బుడగల కోసం నావైపు చూసింది.

"మరి ఈవిడ ఎవరు?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది.

పాప తల్లి ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత బల్ల మీదున్న తల్లి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టింది.

తల్లి లేచింది. "మీరు ఫొటోకి నేర్పేరండి మేడంగారూ, నాకు కాదు," అని పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది. పాప వెనక్కి వంగి అమ్మమ్మ కోసం కేకలు పెడుతూనే ఉంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. ఒకే ఫొటోతో, ఒకే గదిలో, నా ఎదుట మాత్రమే నేర్పాను. గడువు తరుముతుంటే తొందరపడ్డాను.

నాలుగు రోజులు వాళ్లు రాలేదు. ఫోను ఎత్తలేదు. ఐదోరోజు నేనే బస్సెక్కాను. సందులోకి తిరిగేసరికే పాప ఏడుపు వినిపించింది. అరుగు మీద తల్లి పాప మణికట్టు పట్టుకుని "అనవే! అమ్మా అను! ఒక్కసారి అను!" అంటోంది. పాప రెండో చేతిని కొరుక్కుంటోంది. పంటిగాట్ల మీద రక్తం చిప్పిల్లింది.

"వదిలెయ్యండమ్మా," అన్నాను. నాకు తెలియకుండానే గట్టిగా అరిచాను. ఆమె వదిలేసి మోకాళ్లలో తల పెట్టుకుంది.

అప్పుడు అమ్మమ్మ గుమ్మంలోంచి మెల్లగా అంది. "తప్పు నాదండి టీచరుగారూ. మీకు చెప్పలేదు."

పాప మూడేళ్లప్పుడే ఒక మాట నేర్చిందట. అన్నం పెట్టేటప్పుడు అమ్మమ్మను పట్టుకుని "మ్మ" అనేదట. ఆవిడ పాప నోటిమీద చెయ్యి పెట్టి, "నేను కాదే, అమ్మ ఫోన్లో ఉంది" అని ఫోను చూపించేదట. అన్నప్పుడల్లా అంతే. కొన్నాళ్లకు పాప ఆ మాట మానేసింది.

"మా అమ్మాయి పిలుపు నేను తీసేసుకుంటున్నానేమో అని బయమేసిందండి," అంది. కూతురు తల ఎత్తి ఆవిడవైపు చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "నువ్వేం చేత్తావే అమ్మా," అని మాత్రం అంది.

అక్కడే కూర్చుని చెప్పాను. ఇవాళ్టినుంచి ఎవరూ "ఎవరు?" అని అడగొద్దు, అనమని అడగొద్దు. స్నానం, జడ, అన్నం, అన్నీ తల్లే చేయాలి. చేసేటప్పుడు "అమ్మ నీళ్లు పోత్తంది", "అమ్మ జడేత్తంది" అని ఒక్కసారి అంటే చాలు. ఆ కాసేపూ అమ్మమ్మ పక్కింట్లో కూర్చోవాలి.

"ఏడుత్తదేమోనండీ?" అంది అమ్మమ్మ.

"ఏడుస్తుందండి. మీరు రాకూడదు."

"ఆయ్," అంది కానీ ముఖం పక్కకు తిప్పుకుంది.

ఈసారి మాటేమీ ఇవ్వలేదు. రోజు విడిచి రోజు వెళ్లాను. మొదటి వారమంతా పాప తల్లి చేతి ముద్ద ఉమ్మేసింది. పక్కింట్లో అమ్మమ్మ చెవులకు కొంగు చుట్టుకుని కూర్చునేది. రెండో వారంలో ముద్ద మింగింది. తర్వాత జడకు తలొంచింది. సెలవు తరిగిపోతోంది. తల్లి నన్ను ఏమీ అడిగేది కాదు, గోడమీద క్యాలెండరు వైపు చూసేది, అంతే.

తిరుగు ప్రయాణానికి నాలుగు రోజులుందనగా పొద్దున్నే తల్లి ఫోను చేసింది. బోరింగు దగ్గర తలకు పోస్తుంటే పాప కళ్లలోకి సబ్బు వెళ్లింది. తల్లి తువ్వాలు కోసం లోపలికి పరుగెత్తింది. వెనక నుంచి కేక.

"మీరు వినండి, వినండి," అంటూ ఫోను అటు తిప్పింది. పాప కోపంగా, ఏడుస్తూ "అమ్మా!" అని అరుస్తోంది.

"ముందు కళ్లు కడగండమ్మా," అన్నాను. ఫోను పెట్టేశాక గదిలో ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

నాలుగు రోజుల తర్వాత ఆమె కువైట్ వెళ్లిపోయింది. వెళ్లకుండా ఉండమని ఎవరూ అనలేదు. అనగలిగిన స్థితిలో ఎవరూ లేరు.

తర్వాతి సోమవారం అమ్మమ్మ పాపతో సెంటరుకు వచ్చింది. ఆదివారం ఫోనులో తల్లి కనబడగానే పాప "అమ్మ" అందట. అని, ఫోను కింద పెట్టి బోరింగు దగ్గరికి వెళ్లి చూసి, తలుపు వెనక చూసి, అరుగు మీద సాయంత్రం దాకా కూర్చుందట.

"ముందిలా వెతికేది కాదండి. ఇది మంచికేనంటారా టీచరుగారూ?" అని అడిగింది.

"మంచికేనండి," అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చూస్తోంది. నేను వంగి పాప చెప్పులు విప్పడం మొదలుపెట్టాను.