బోధన్ చెరకుతోటలో పేరు పెట్టి పిలిచిన గొంతు

దయ్యాలకు భయపడినవాళ్లు ఈ లోకంలో కోట్లమంది ఉంటారు. తాను సొంతంగా తయారుచేసిన దయ్యానికి తానే భయపడి, కుదరబోయే పెళ్లిని చెడగొట్టుకోబోయినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. వాడి ఆధార్ కార్డు నా జేబులోనే ఉంది.

అప్పటికి నేను నిజామాబాద్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసేవాణ్ని. సికింద్రాబాద్ నుంచి గ్రేస్ అనే అమ్మాయి సంబంధం వచ్చింది. ఆమెకు తల్లి లేదు. చిన్నమ్మ రత్నమ్మ పెంచి పెద్దచేసింది కాబట్టి ఆమె సరే అంటేనే పెళ్లి. మా ఊరెట్లుందో చూసిపోదామని రత్నమ్మ అత్తమ్మ, ఆమె భర్త ఆనందం మామ, గ్రేస్ ముగ్గురూ సంక్రాంతి దాటాక మంచు కాలంలో దిగారు. మా సలీం తన ఏడుసీట్ల కారు తెచ్చాడు. సలీం నా చిన్ననాటి స్నేహితుడు, నా అబద్ధాలన్నిటికీ ప్రత్యక్ష సాక్షి.

మొదటిరోజు సాయంత్రం ఖిల్లాకు తీసుకెళ్లాను. నా లెక్క ప్రకారం వాళ్లు ఆ రాతి గోడలు చూసి నోరు తెరవాలి. అత్తమ్మ నోరు తెరిచింది గాని, మాట్లాడటానికి.

"మాకాడ చార్మినార్ ఉన్నది, గోల్కొండ ఉన్నది. మీకాడ గిదేనా?"

"ఇది శాన పాతది అత్తమ్మా. ఊరికి ఇందూరని పేరున్నప్పటి సంగతి. పైన రాములవారి గుడి ఉన్నది. నడుమ కొన్నొద్దులు దీన్ని జైలు చేసిండ్రు."

"గంతేనా?" అంది ఆమె, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. "గోల్కొండల కింద సప్పట్లు కొడితే మీదికి వినిపిస్తది. ఈడ ఏం వినిపిస్తది?"

గ్రేస్ నా వైపు చూసింది. చూడకపోతే బాగుండేది. పొద్దు వాలుతోంది. రాతి కిటికీలోంచి గాలి ఎవరో పళ్ల సందున ఊదినట్టు సన్నగా కూస్తోంది. ఆ కూత విని నా బుర్రలో ఒక పురుగు మేల్కొంది.

"ఈడ పేర్లు వినిపిస్తయి అత్తమ్మా," అన్నాను.

"పేర్లా?"

"జైలున్నప్పుడు ఒక ఖైదీ ఉండెనట. రోజూ ఆ కిటికీల నిలబడి ఇంటోళ్ల పేర్లు పెట్టి పిలిచేటోడట. ఎవ్వరూ రాలే. గట్లనే పిలుసుకుంట పిలుసుకుంట పాణం పోయింది. మనిషి పోయిండు గని పిలుపు పోలే. ఖిల్లల మొదలైతది, మంచు పడ్డప్పుడు బోధన్ చెరుకు తోటల దాక పోతది."

ఖైదీ లేడు, పిలుపు లేదు. అంతా నేను ఆ మెట్ల మీద నిలబడి అప్పటికప్పుడు వండిన వంట. కాని పాఠకులారా, వంట కుదురుతున్నప్పుడు పొయ్యి ఆర్పడం ఎవరికి చేతనవుతుంది?

"పిలిస్తే ఏమైతది?" అత్తమ్మ గొంతు తగ్గింది.

"'ఓ' అని పలికినమా, గంతే. మనిషి మళ్ల కనవడడు. ఇంకో సంగతి, పరాయి గొంతుతోని పిలువదు. మనకు బాగ తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తది. గది దాని తెలివి."

ఈ చివరి రెండు ముక్కలు నేను అనకుండా ఉంటే నా కథ ఇక్కడితో అయిపోయేది.

"దయ్యాలు గియ్యాలు మేం నమ్మం. మేం ప్రభువును నమ్ముకున్నోళ్లం," అని అత్తమ్మ చెంగు భుజాల చుట్టూ బిగించుకుంది. దిగేటప్పుడు మాత్రం అందరికంటే ముందు దిగింది.

మరునాడు తెల్లవారి బోధన్ బయల్దేరాం. ఎడపల్లి దాటేసరికి మంచు రోడ్డును మింగేసింది. సలీం లైట్లు వేస్తే ఆ వెలుగు పాలగిన్నెలో వేలుపెట్టినట్టు ముందే ఆగిపోయింది. ఆనందం మామ ఒక్కడే చివరి వరుస సీట్లో దుప్పటి ముసుగేసుకుని గురక పెడుతున్నాడు. నేను మాత్రం గైడుగా విజృంభించాను. బోధన్‌ను ఏకచక్రపురం అనేవారని, బకాసురుడు బండెడన్నంతో పాటు మనిషిని కూడా తిన్నది ఇక్కడేనని, భీముడొచ్చి వాణ్ని చంపాడని చెప్పాను. ఇది మా వైపు అందరూ చెప్పుకునేదే. నా కల్పన కాదు.

"మీ దిక్కు అన్నీ మనుషులను మింగే కథలేనా?" అంది గ్రేస్.

తర్వాత నిజాం కాలం నాటి చక్కెర ఫ్యాక్టరీ. మూతపడి ఏళ్లయింది. మంచులో ఫ్యాక్టరీ కనబడలేదు, దాని పొగగొట్టం కొన మాత్రం కింద ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలో వేలాడుతోంది. ఒకప్పుడు దాని కూతతోనే ఊరు లేచేది, తినేది, పడుకునేది. చెరకు బండ్లు వరుసకట్టి నిలబడేవి. ఇప్పుడు పాత క్వార్టర్ల తలుపుల్లేని గుమ్మాల్లోంచి మంచు లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. ఎవరో కాపురముంటున్నట్టే ఉంది. నేను గైడు పని ఆపేశాను. అబద్ధం అక్కరలేని చోటు అది.

ఊరు దాటాక నిజాంసాగర్ కాలువ పక్కన చెరకుతోట కనబడింది. అత్తమ్మ ఫోటో దిగుతానంది. మామ ముసుగు కదల్లేదు కాబట్టి లేపలేదు. నలుగురం దిగి తోట అంచున నడిచాం. మనిషి కంటే ఎత్తు చెరకు. గాలి లేదు. అయినా ఆకులు ఒకదానితో ఒకటి గుసగుసలాడుతున్నాయి. మంచు చుక్కలు ఆకు నుంచి ఆకుకు జారుతుంటే, లోపల ఎవరో మెత్తగా అడుగులు వేస్తున్నట్టుంది.

గ్రేస్ ఫోన్ ఎత్తింది. అత్తమ్మ చెంగు సర్దుకుంది.

"రత్నా..."

తోట లోపలి నుంచి. కాదు, భూమి లోపలి నుంచి. బావిలోంచి వచ్చినట్టు బోలుగా, బరువుగా.

అత్తమ్మ చెయ్యి చెంగు మీదే ఆగిపోయింది. సలీం నన్ను చూశాడు. నేను సలీంను చూశాను.

"రత్నా... ఓ రత్నా..."

"గిది మా ఆయన గొంతే!" అంది అత్తమ్మ, పెదవులు తెల్లబడి.

"మామ కారుల పండుకున్నడు గద అత్తమ్మా," అన్నాను. నా నాలుక దానంతట అదే కదిలింది. "తెలిసినోళ్ల గొంతుతోనే పిలుస్తదని చెప్పిన గద! నోరు మూస్కో! ఓ అనకు!"

ఆ కథ నేను కల్పించిందేనని నాకు తెలుసు. ఖిల్లా మెట్ల మీద పుట్టి ఇంకా ఒక రోజు కూడా నిండలేదని తెలుసు. అయినా నేను పుట్టించిన ఖైదీ నన్ను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడనిపించింది. పక్కనే ఉండి నా అబద్ధాన్ని విన్న సలీం అయితే "యా అల్లా" అని కారువైపు అప్పటికే సగం దూరం పోయాడు.

"రత్నా! ఇనవడతలేదా!"

అత్తమ్మ రెండు చేతులతో నోరు మూసుకుని పరుగెత్తింది. ఆమె వెనక గ్రేస్, గ్రేస్ వెనక కాబోయే పెళ్లికొడుకు. మీరు అడగకముందే చెప్తున్నాను, ఆడవాళ్లను ముందు పంపింది మర్యాదతో కాదు, నా చెప్పు బురదలో ఇరుక్కుపోయింది. చెప్పును అక్కడే వదిలేశాను. తలుపులు పడ్డాయి. సలీం కారును తిప్పిన తీరుకు చివరి వరుసలో దుప్పటి ఇటు దొర్లింది, అటు దొర్లింది.

"మామకు మెలకువ గూడ వస్తలేదు. పుణ్యాత్ముడు," అన్నాను.

అత్తమ్మ కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేస్తోంది. ఎడపల్లి వచ్చేదాకా ఆమెన్ రాలేదు.

అక్కడ చాయ్ హోటల్ ముందు ఆగాం. "మామను లేపు, ఇంత చాయ్ తాగుతడు," అంది అత్తమ్మ. నేను వెనక్కి వంగి ముసుగు మీద చెయ్యి వేశాను.

ముసుగు లోపలికి దిగిపోయింది.

దుప్పటి కింద ఒక దిండు, ఒక సంచి, మామ ఫోను. మామ లేడు.

ముందు నాకు తోచింది ఏమిటో తెలుసా? ఖైదీ తీసుకుపోయాడని. గ్రేస్‌కు తోచింది మాత్రం నిజం.

"చిన్నాయన మనం దిగినంక దిగినట్టున్నడు," అంది నెమ్మదిగా. "మనను పిలిచింది చిన్నాయననే."

అత్తమ్మ నా వైపు తిరిగింది. బకాసురుడి ముందు బండితో నిలబడ్డ మనిషికి నాకున్నంత భయం ఉండి ఉండదు.

కారు తిప్పాం. చలికి మామ ఏమయ్యాడో, కాలువలో నీళ్లున్నాయో లేవో, దారిలో ఎవరికీ తెలియదు. తోట దగ్గర మంచు ఇంకా చిక్కబడింది. సలీం మెల్లగా పోనిస్తున్నాడు. అప్పుడు రోడ్డు మీదికి ఒక ఆకారం వచ్చింది. తల నుంచి కాలిదాకా బూడిదరంగు. ముఖం లేదు. నెత్తిన చెరకాకులు కొమ్ముల్లా నిలబడ్డాయి. చేతిలో చెరకు గడ ఊతం. ఊగుతూ, కాళ్లీడ్చుకుంటూ సూటిగా మా లైట్లలోకి వచ్చింది.

సలీం చెయ్యి రివర్స్ గేరు మీద పడింది. గ్రేస్ అతని చెయ్యి పట్టుకుని ఆపి, తలుపు తీసుకుని దిగింది.

"చిన్నాయనా!"

ఆకారంలో రెండు కళ్లు తెరుచుకున్నాయి. "రత్నా..." అంది అది.

అత్తమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఓ అనాల్నా, వద్దా? జెప్పు!" అంది గుసగుసగా.

"అను అత్తమ్మా, అను!"

"ఓ!" అని ఆమె పెట్టిన కేకకు తోటలోని కొంగలన్నీ లేచిపోయాయి.

జరిగింది ఇంతే. మామ ఒంటేలుకని చాటుకు పోయి, మంచులో అంచు కనబడక కాలువలోకి జారి బోర్లాపడ్డాడు. నీళ్లు లేవు, బురద మాత్రం నడుముదాకా ఉంది. భార్యను పిలిచాడు. భార్య పరుగెత్తుకుంటూ వచ్చిన చప్పుడు వినబడిందట. "మంచిగనే ఉరుకుతుందనుకున్న. గని చప్పుడు దూరమైతుంది," అన్నాడు.

ఖిల్లా, ఖైదీ, పిలుపు అంతా నేనే కల్పించానని అక్కడే చెప్పేశాను. అత్తమ్మ దవడలు కదిలాయి. సంబంధం రద్దన్న మాట బయటికి రాబోతోంది. దుప్పటిలో వణుకుతున్న మామ చెయ్యి ఎత్తాడు.

"ఆగు. నా పెండ్లయినప్పటి సంది నేను ఒక మాటంటే నువ్వు పది అంటవు. ఇయ్యాల నేను గంత మొత్తుకున్నా నీ నోట్లకెల్లి మాట రాలే. గా పని ఎవ్వరితోని గాలే, ఈ పిలగాడు చేసిండు. పిల్లను ఈనికే ఇద్దాం."

గ్రేస్ అంతగా నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. అత్తమ్మ మాత్రం నిజామాబాద్ దాకా కిటికీలోంచి బయటికే చూసింది.

మా పెళ్లి మెథడిస్టు చర్చిలో జరిగింది. కష్టంలోనూ సుఖంలోనూ విడవనని పాస్టరుగారి వెంట చెప్పాను. ముసుగు చాటు నుంచి గ్రేస్, "తెల్వని సరిత్ర ఎవ్వలకు జెప్పనని గూడ అను. బండి కదిలే ముంగట మనుషులను లెక్కవెడ్తనని గూడ అను," అంది.

దేవుని సన్నిధిలో, గుండె మీద చెయ్యి వేసుకుని, రెండూ అన్నాను. మైకు అప్పటికింకా నా నోటి దగ్గరే ఉంది.