మా అత్తగారి గుసగుస

మా అత్తగారికి రహస్యాలు చెప్పడమంటే మహా సరదా. కానీ ఆవిడ గుసగుసలాడితే మైలాపూరులో మా వీధి చివరిదాకా వినిపించేది.

పెళ్లయి ఆరేళ్లయినా పిల్లలు కలగకపోవడంతో, తొంభైలలో నేను, మా ఆయన, అత్తగారు ఒక సంతాన వైద్యశాలకు వెళ్లాం. పరీక్షలన్నీ నాకే అయ్యాయి. ఇక మీవారికి కూడా చేయాలంది డాక్టరమ్మ. "నాకేం జబ్బు?" అంటూ మా ఆయన బయట హాల్లో కుర్చీ వదల్లేదు.

అత్తగారు ఆయన చెవి దగ్గరికి వంగింది. "సుమ్మా ఊరికే కూచోబాకరా! ఆ పిల్లకి ఎన్ని సూదులు పొడిచినారు! నర్సమ్మ ఇచ్చిన చిన్న డబ్బా పట్టుకోని ఆ గదిలోకి పోయొచ్చేదానికి నీకేంరా నొప్పి?"

ఆ గుసగుస హాలంతా వినిపించింది. మా ఆయన లేచాడు. ఆయన వెనకే, భార్యల పక్కన బిగుసుకుని కూర్చున్న మరో ఇద్దరు మగవాళ్లూ లేచారు.

లోపం ఆయనదేనని తేలింది. ఒకే ఒక్క వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే కొత్త పద్ధతి వచ్చిందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. మొదటిసారి అది ఫలించలేదు. నేను మంచం దిగకుండా ఏడ్చాను. ఇంక చాలనేశాడు మా ఆయన.

ఆ వారమే ఆయన మేనత్త వచ్చి, "ఇంకో పెళ్లి చేస్తే పోలా వదినా?" అంది.

"చేద్దాంలే అమ్మా," అంది అత్తగారు. "అయితే మావాడికి గాదు, కోడలికి. లోపం వీడిదే గదా!"

మర్నాడు వైద్యశాలకు వెళ్లడానికి మా ఆయన నాకంటే ముందే ఆటో ఎక్కి కూర్చున్నాడు. ఆ రెండో ప్రయత్నంలో మా అమ్మాయి పుట్టింది. అత్తగారు మిఠాయి పెట్టె పట్టుకుని మొట్టమొదట మేనత్త ఇంటికే వెళ్లింది.