ఆరకముందే నీళ్లలోకి

మా మేనమామ చేయని తప్పుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నీళ్ల మీద నడిపే జెట్ స్కీల షాపులో ఆయన మెకానిక్. నిలబడి నడిపే రకం బండి మలుపుల్లో మరీ ఒరిగిపోకుండా రెండు పక్కలా స్పాన్సన్లనే రెక్కలు బిగిస్తారు. అందుకు బండి ఒంటికే రంధ్రాలు వేయాలి. మామయ్య ప్రతి రంధ్రంలోనూ నీళ్లు చొరకుండా సీలెంటు నింపి, బోల్టులు బిగించి, రేపటిదాకా ఆరాలని చీటీ అంటించాడు. యజమాని ఆ చీటీ పీకేసి, సాయంత్రమే బండిని దాని సొంతదారుకి అప్పగించాడు. లోపలికి నీళ్లు చేరి అది సగం మునిగింది.

"సీలెంటు పెట్టడం మరిచావు కదూ?" అన్నాడు యజమాని, ఆ బండి సొంతదారు ఎదుటే. మామయ్య తలూపాడు. ఆ తర్వాత ఏ షాపూ ఆయన్ని రానివ్వలేదు. మూడేళ్లుగా ఇళ్లల్లో నిలువుటద్దాలు బిగిస్తున్నాడు.

మొన్న కలిస్తే, అదే యజమాని మళ్లీ రమ్మన్నాడని చెప్పాడు.

"కొత్తోడు రెండు రెక్కలూ ఒకే ఎత్తులో పెట్టలేకపోతున్నాడట. బండి ఒక పక్కకే లాగుతోందట."

"లాగనీ. వెళ్తావా ఏంటి మామయ్యా? సిగ్గులేదూ?"

ఆయనకు కోపం రాలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు.

"వెళ్తాన్రా అల్లుడూ. ఈ అద్దాల పనిలో పొద్దస్తమానం ఆవేళ తలూపిన ఈ మొహమే చూసుకోవాల్సొస్తోంది."