గొడ్ల తిండి కోసం కొట్లాడిన మనిషి

మా పెద్ద యారాలు పోయిన మంగళవారం హుస్నాబాద్‌లో చనిపోయింది. కబురు అంది నేను పోయేసరికి వాకిట్లో పాడె కడుతున్నారు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, "మనిషి మంచిదే గని నోరు మంచిది గాదు" అన్నాడు. పక్కవాళ్లు తలలూపారు. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. నాకు ఏడుపు ఆగిపోయి కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మేమిద్దరం అన్నదమ్ముల భార్యలం. ఒకే ఇంట్లో చాలా ఏండ్లు కలిసి ఉన్నాం. నేను ఆమెను అక్కా అనేదాన్ని. పొద్దున లేవగానే తాను చాయ తాగక ముందే బర్రెలకు కుడితి కలిపేది. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, దోసెడు తవుడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున రాళ్లేమైనా ఉన్నాయేమో దేవేది. "మనకు అన్నంల రాయొస్తె ఉమ్మేస్తం. అదెవరికి చెప్పుకుంటది?" అనేది. వాకిట్లో కుక్కకు జొన్నరొట్టె మజ్జిగలో నానబెట్టి పెట్టేది. పాచిపోయిన అన్నం ఎవరైనా దాని ముందు పోయబోతే, "పాసిపోయింది పెంటకు పోవాలె, కడుపుల్లకు గాదు" అని కసిరేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ఒక ఏడు కరువొచ్చింది. చొప్ప అయిపోయింది. నూనె తీయగా మిగిలిన పల్లి చెక్కే గొడ్లకు దిక్కయింది. అక్క తల్లిగారింటికి పోయినప్పుడు మా బావ బజార్లో ఒక దుకాణం నుంచి బస్తా తెచ్చి, నానబెట్టి, కొత్తగా ఈనిన బర్రెకు పెట్టాడు. అది మేత మానేసింది. నెత్తురు పారుకుంది. అక్క తిరిగొచ్చేసరికి కాళ్లు చాపి పడి ఉంది. చీకటి పడకముందే ప్రాణం పోయింది. మా పక్కింట్లో మొగుడు పోయిన ఒకామెకు ఒక్క బర్రే ఆధారం. అదే దుకాణం చెక్క తిని అదీ చచ్చింది.

అక్క బస్తాలో మిగిలిన చెక్కను విరిచింది. లోపల నల్లగా మెరిసే పొట్టు కనబడింది. ఆముదాల పొట్టు. ఆముదపు చెక్క చేనుకు ఎరువు, పశువుకు విషం. ఆ సంగతి మా దిక్కు చిన్నపిల్లలకూ తెలుసు. చవకగా వస్తుందని పల్లి చెక్కలో దాన్ని కలిపి అమ్మాడు ఆ దుకాణదారు. తెలియక కాదు.

అక్క ఆ చెక్కను గంపలో వేసుకుని దుకాణానికి నడిచింది. నేనూ వెంట పోయాను.

"కరువు రోగమమ్మా. నేనేం జేస్త?" అన్నాడాయన.

"గిది మంచిదేనా, సావుకారీ?"

"అసలైన పల్లి చెక్క."

"అయితె నీ బర్రెకు పెడ్త."

దుకాణం వెనకే ఆయన కొట్టం. అక్క గంప దించి తొట్టి మీదికి వంగిందో లేదో, ఆయన చెప్పులు కూడా తొడుక్కోకుండా ఉరికొచ్చాడు. "ఏయ్, ఆగు! దానికి పెట్టకు!" అంటూ గంపను కాలితో తన్నాడు. బజారంతా చూసింది.

అప్పుడు లేచింది అక్క నోరు. "నీ బర్రె బతకాలె, మా బర్రెలు సావాలెనా? ఇంట్ల నీ పెండ్లాం పిల్లలకు గిట్లనే కలిపి పెడ్తవా?"

పెద్దమనుషులు కూర్చున్నారు. ఇకముందు బస్తాలు వేరువేరుగా పెట్టుకొమ్మని దుకాణదారుకు మెల్లగా చెప్పారు. పక్కింటి ఆమె బర్రె సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అక్కను మాత్రం నిలబెట్టి అడిగారు.

"ఆడిదానివి, నడి బజార్ల గా లొల్లేంది?"

"బర్రె సప్పుడు జేయకుంట సచ్చింది. అందుకే నేను జేసిన" అంది అక్క.

ఆ ప్రశ్న వేసిన మనిషే మొన్న అరుగు మీద కూర్చుని ఆమె నోటికి వంక పెట్టాడు. విషం అమ్మినవాడిది వ్యాపారమట, అడిగినదానిది గయ్యాళితనమట! ఆ తర్వాత ఎంతోమంది ఆడవాళ్లు అదే దుకాణంలో చెక్కను విరిచి చూసి గాని కొనలేదు. ఆ ధైర్యం ఎవరిచ్చారు?

పంచాయితీ నుంచి వచ్చాక అక్క మా ఇంట్లో మిగిలిన బర్రె పాలు పిండి, సగం పక్కింటికి పంపింది. తర్వాత పల్చని గంజి గిన్నెతో కొట్టంలోకి పోయి, తల్లి పోయిన దుడ్డె దగ్గర కూర్చుంది. అది గిన్నెలో మూతి పెట్టడం లేదు. అక్క గంజిలో వేళ్లు ముంచి నోటికందించింది. కొంతసేపు మూతి తిప్పుకుని, ఆకలికి ఆగలేక అది ఆ వేళ్లను చప్పరించడం మొదలుపెట్టింది. బజార్లో, పంచాయితీలో కన్నీటి చుక్క రాల్చని మనిషి అప్పుడు ఏడ్చింది, చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోకుండా.